బాతు రావడానికి ముందు

ఆఫీసులో నన్ను చూస్తే కొందరికి భయం. అలాగని నేను పెద్ద మేనేజర్ని ఏమీ కాదు. ఇక్కడ అమెరికాలో, రీసెర్చ్ పార్క్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ మార్కెటింగ్ విభాగంలో పని చేస్తాను. వాళ్లూ వీళ్లూ రాసిన వెబ్ పేజీలు, ఈమెయిళ్లు, వీడియో స్క్రిప్టులు నా దగ్గరికి వస్తే దిద్దుతాను. దిద్దడమంటే ముప్పాతిక మువ్వీసం కొట్టేయడమే. "మొదటి పేరా తీసెయ్, రెండోదాంతో మొదలుపెట్టు" అన్న మాట అక్కడ నా ఊతపదం. మొదటి పేరాలో ఎవరైనా గొంతు సవరించుకుంటారంతే, చెప్పదలచుకున్నది ఆ తర్వాతే వస్తుందని నా నమ్మకం. నా పక్క సీటు అమెరికన్ అయితే స్క్రిప్టు నా బల్ల మీద పెట్టి రెండు చేతులతో కళ్లు మూసుకుంటాడు. నేను నిర్మొహమాటంగా కొట్టేస్తాను. అతను ఏమీ అనుకోడు. తర్వాత ఇద్దరం వెళ్లి కాఫీ తాగుతాం.

అదే నోటికి తెలుగువాళ్ల మధ్య తాళం పడుతుంది. అందులోనూ నాకంటే పెద్దవాళ్లు ఎదురుగా ఉంటే "మంచిగుంది" తప్ప ఇంకో మాట రాదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు గానీ, నేను రచ్చ మాత్రమే గెలిచిన రకం. మా నానమ్మ వరంగల్‌లో వాకిట్లో కూర్చుని, "మొగమాటానికి పోతే కడుపయిందట" అని మోటుగా అనేది. అప్పుడు అర్థం కాకుండానే నవ్వేదాన్ని. ఇప్పుడు అర్థమైంది, నవ్వు మాత్రం రావడం లేదు.

అక్క సంగతి చెప్పాలి. నా సొంత అక్క కాదు. మోరిస్‌విల్‌లో మా టౌన్‌హోమ్‌ల వరసలో చివరి ఇల్లు ఆమెది, అనంతపురం వైపు మనిషి. నాకు కూతురు పుట్టినప్పుడు మా అమ్మకి వీసా రాలేదు. అక్క రోజూ ఆఫీసుకి వెళ్లేముందు స్టీల్ క్యారియర్‌లో వేడన్నం, వెల్లుల్లి కారం, నెయ్యి తెచ్చేది. నేను తినేదాకా ఎదురుగా కూర్చునేది, కదిలేది కాదు. పిల్లకి నూనె రాసి, కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోసేది. ఆ చేతి అన్నం తిన్నదాన్ని, ఆమె చేసిన పనిలో లోపముందని ఏ నోటితో అంటాను? ఇది నాకు నేను చెప్పుకున్న సాకు. సాకుగా చాలా రోజులు బాగానే పనికొచ్చింది.

రెండేళ్ల కిందట అక్క టెస్టింగ్ ఉద్యోగం లేఆఫ్‌లో పోయింది. కొన్నాళ్లు అప్లికేషన్లు పెట్టింది, ఇంటర్వ్యూలకి వెళ్లింది. తర్వాత ఒకరోజు నన్ను గరాజ్‌లోకి పిలిచింది. లోపల తెల్ల దుప్పటి ఒకటి తాళ్లతో కట్టి ఉంది, దాని వెనక హార్డ్‌వేర్ షాపులో దొరికే పెద్ద లైటు. "కూర్చోమే" అని ఆమె తెర వెనక్కి వెళ్లింది. నేను లాన్ కుర్చీలో కూర్చున్నాను.

తెర మీద ఒక బాతు నడిచింది.

మా ఇళ్ల వెనక చెరువు దగ్గర పెద్ద పెద్ద బాతులుంటాయి. కెనడా నుంచి వచ్చి, తిరిగి వెళ్లడం మానేసినవి. "వాటికి గ్రీన్ కార్డ్ వచ్చేసింది" అని అక్క అంటుంటుంది. తెర మీది బాతు అచ్చం అలాగే నడిచింది, మెడ ముందుకీ వెనక్కీ ఆడిస్తూ, ఎవరో తనకి బాకీ ఉన్నట్టు. రెక్కలో నీలం, గోధుమరంగు, ముక్కు మీద నలుపు, అన్నీ వెలుగులో మెరిశాయి. తోలు ఎక్కడ దొరికిందని అడిగితే అక్క పగలబడి నవ్వింది. పాల డబ్బాలట! ఇంట్లో పెరుగు తోడేయడానికి తెచ్చే గ్యాలన్ పాల ప్లాస్టిక్ డబ్బాలు కడిగి, కత్తిరించి, పర్మనెంట్ మార్కర్లతో రంగులేసి, కీళ్ల దగ్గర దారంతో కుట్టి, కబాబ్ పుల్లలు కట్టింది. చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో దుప్పటి కప్పుకుని చూసిన తోలుబొమ్మలాటని, మోరిస్‌విల్‌లో పాల డబ్బాల్లోంచి లాగింది. ఆ తెలివికి నేను నిజంగా నోరెళ్లబెట్టాను.

కథ కూడా ఆమెదే. చెరువు గట్టున అందరూ పెట్టే తిండి తిని తిని ఎగరడం మర్చిపోయిన ఒక బాతు. దాని పిల్ల ఒకటి, "అమ్మా, మనకి రెక్కలెందుకు?" అని అడుగుతుంది. అక్కడి నుంచి కథ పరుగెత్తుతుంది. రోడ్డు దాటడం, కార్లన్నీ ఆగిపోవడం, స్కూల్ బస్సు మీదెక్కి కూర్చోవడం, చివరికి ఎగరడం. నేను ఎనిమిదేళ్ల పిల్లలా చూశాను.

అయితే అసలు ప్రదర్శనకి అక్క ఒక ముందుమాట రాసుకుంది. లైబ్రరీ వాళ్ల గదిలో మొదటి ఆట ఆడినప్పుడు గానీ నేను దాన్ని వినలేదు. ముందు ప్రార్థన. తర్వాత తోలుబొమ్మలాట పుట్టుపూర్వోత్తరాలు. తర్వాత వాళ్ల ఊళ్లో చలిలో, దుప్పటిలో, వాళ్ల నాన్న ఒళ్లో కూర్చుని ఆట చూసిన సంగతి. తర్వాత మన భాష ఎందుకు ముఖ్యమో. తర్వాత ఈ కథలో నీతి ఏమిటో, కథ మొదలవకముందే. బాతు ముక్కు తెర మీదకి వచ్చేసరికి ముందు వరసలో పిల్లలు కార్పెట్ మీద దొర్లుతున్నారు. వెనకున్న తండ్రులు ఫోన్లలో క్రికెట్ స్కోరు చూసుకుంటున్నారు. సగం మంది బాతుని చూడకుండానే వెళ్లిపోయారు.

ఆ రోజు గది నిండిందంటే నా వల్లే. ఫ్లయర్ నేను చేశాను. "బాతు ఎగరనంటోంది! మీ పిల్లలేమంటారు?" అని పెద్ద అక్షరాలు, కింద అక్క బొమ్మ ఫోటో. వాట్సాప్ గ్రూపులన్నిట్లో తిరిగింది. జనాన్ని గుమ్మం దాకా తేవడం నా పని, తెచ్చాను. గుమ్మం లోపల ఏం జరిగిందో కూడా నాకు అక్షరం అక్షరం తెలుసు. అది నా వృత్తి. ఆఫీసులో అయితే ఒక్క గీత: మొదటి భాగం తీసెయ్, బాతుతో మొదలుపెట్టు.

కుర్చీలు మడతపెడుతూ అక్క అడిగింది. "ఎట్లుంది? నువ్వు మార్కెటింగ్‌లో ఉన్నావు గదా, నీకు తెలుస్తాది. ఎక్కడ బాగలేదో చెప్పు."

"మంచిగుంది అక్కా. సూపర్."

"మరి అంతమంది ఎందుకు లేచిపోయినారు?"

"సాకర్ సీజన్ కదా. ప్రాక్టీస్‌లుంటయి పిల్లలకు."

ఆ మాట నా నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే ఒళ్లు మండుతుంది. ఆలోచించనైనా లేదు.

నేను మర్చిపోయిన సంగతి ఒకటుంది. అక్క సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే టెస్టర్. ఇరవై ఏళ్లు అదే పని. తప్పు ఎక్కడుందో చెబితే చాలు, దాన్ని సరిచేసేదాకా నిద్రపోదు. సాకర్ అన్నాను కాబట్టి ఆటని శనివారం నుంచి ఆదివారానికి మార్చింది. ఆదివారం ఇంకా తక్కువ మంది వచ్చారు. పార్కింగ్ కష్టం అన్నాను. లైబ్రరీ మార్చింది. లాంగ్ వీకెండ్ అన్నాను. క్యాలెండర్ చూసి ముందే గదులు బుక్ చేయడం మొదలుపెట్టింది. స్నాక్స్ ఉంటే బాగుండేదేమో అని ఎందుకన్నానో నాకే తెలియదు. తర్వాతి ఆటకి పొద్దున్నే లేచి సమోసాలు చేసుకొచ్చింది. ఒక్కో అబద్ధాన్నీ ఆమె పనిగా మార్చుకుని, పూర్తిచేసుకుని, మళ్లీ నా దగ్గరికి వచ్చేది. "అది సరిచేసినా. ఇంకేముంది?" అనేది.

ఒకసారి ఏ సాకూ తోచలేదు. గదిలో నేనూ, నా కూతురూ, ఇంకో రెండు కుటుంబాలూ ఉన్నాం. అక్క నా మొహంలోకే చూస్తోంది.

"రంగులు వెనకదాకా కనపడుతలేవేమో అక్కా. బొమ్మలు కొంచెం చిన్నగున్నయి" అన్నాను.

శుద్ధ అబద్ధం. రంగులు గది చివరిదాకా దీపాల్లా వెలిగేవి. అక్క ఆ చలికాలమంతా కూర్చుని బొమ్మలన్నీ మళ్లీ చేసింది. ఈసారి పెద్దవి. పాల డబ్బాలు చాలక మా ఇంట్లోవీ, చుట్టుపక్కల వాళ్లవీ అడిగి తీసుకుంది. మందపాటి ప్లాస్టిక్‌ని వంటింటి కత్తెరతో కోసి కోసి కుడిచేతి మణికట్టు వాచింది. డాక్టర్ దగ్గరికి వెళ్లి బ్రేస్ పట్టీ వేయించుకుంది. బ్రేస్ వేసుకున్న చేత్తోనే నాకు టీ పోసి ఇచ్చింది. ఆ కప్పు అందుకుంటున్నప్పుడు కూడా నేను నిజం చెప్పలేదు. "ఎందుకక్కా అంత కష్టపడతవు" అన్నాను. తన చేతిని చూసుకుని బాధపడాల్సింది పోయి, "ఇది నిలబడితే చాలే నాకు. ఉద్యోగం వస్తే వస్తాది, రాకుంటే లేదు. ఇది మాత్రం నిలబడల్ల" అంది.

ఉగాదికి మా ఊరి తెలుగు సంఘం వాళ్లు అక్కకి పెద్ద స్టేజి మీద పదిహేను నిమిషాలిచ్చారు. హైస్కూల్ ఆడిటోరియం, వందల కుటుంబాలు. అక్కడ బాగా పోతే వేరే ఊళ్ల సంఘాలు పిలుస్తాయి, షార్లెట్ వాళ్లు అప్పుడే అడిగారు కూడా. బాగా పోకపోతే ఇక ఎవరూ పిలవరు. మా ఇద్దరికీ ఆ సంగతి తెలుసు. వారం ముందు గరాజ్‌లో నాకోసం మొత్తం ఆడి చూపించింది. ముందుమాట ఒక్కటే పది నిమిషాలు దాటింది. నేను గడియారం చూస్తూనే ఉన్నాను.

"పదిహేనులో అయిపోతాదంటావా?" అని అడిగింది.

అదే ఆఖరి అవకాశం. ముందుమాట తీసెయ్ అక్కా అంటే చాలు. కానీ ఆ ముందుమాటలో వాళ్ల నాన్న ఒడి ఉంది, దుప్పటి ఉంది. అది చెప్పేటప్పుడు ఆమె గొంతు మారుతుంది. దాన్ని కోసేయమని చెప్పలేకపోయాను.

"స్టేజ్ మీద స్పీడ్ అదే వచ్చేస్తదక్కా."

ఆ రోజు ప్రోగ్రాం ఆనవాయితీ ప్రకారం ఆలస్యంగానే నడిచింది. సినిమా పాటలకి పిల్లల డాన్సులు, వాటిని వీడియో తీసే తల్లిదండ్రులు, పంచాంగ శ్రవణం, స్పాన్సర్లకి శాలువాలు. అక్క వంతు వచ్చేసరికి లంచ్ వేళయింది, హాల్లోకి పులిహోర వాసన వస్తోంది. నేను తెర వెనక లైటు పట్టుకుని నిలబడ్డాను. అక్క తెర ముందు నిలబడి ప్రార్థనతో మొదలుపెట్టింది. నాకు జనం కనిపించరు, వినిపిస్తారు. ముందు మాటల రొద. తర్వాత మడత సీట్లు ఒక్కొక్కటే టప్పుటప్పుమని మూసుకోవడం. అక్క గొంతు పెంచింది. వాళ్ల నాన్న సంగతి ఆమె ఆ రొదలో దాదాపు అరుస్తూ చెప్పింది. నాకు సిగ్గుతో చెవులు కాలాయి.

ఎట్టకేలకు తెర వెనక్కి వచ్చి బాతుని అందుకుంది. బాతు ముక్కు తెర అంచున కనిపించగానే ముందు వరసలో మిగిలిన కొద్దిమంది పిల్లలూ ఒక్కసారిగా "గూస్! గూస్!" అని అరిచారు. ఎవరో పిల్లవాడు పకపకా నవ్వాడు. సరిగ్గా అప్పుడే కల్చరల్ కమిటీ ఆయన స్టేజి పక్క నుంచి వచ్చి, "సారీ మేడమ్, టైమ్ అయిపోయింది, లంచ్ అనౌన్స్ చేయాలి" అన్నాడు. హాల్లో లైట్లు వెలిగాయి. తెర మీద ఏమీ మిగల్లేదు. అక్క ఇంకా బాతుని పైకెత్తి పట్టుకునే ఉంది.

పార్కింగ్ లాట్‌లో కార్లన్నీ పైన్ చెట్ల పుప్పొడితో పచ్చగా ఉన్నాయి. బొమ్మల పెట్టె కార్లో పెట్టి అక్క నావైపు తిరిగింది. "నిజం చెప్పు. తప్పెక్కడ జరిగింది?"

"వాళ్లదేనక్కా తప్పు. ప్రోగ్రాం లేట్ చేసిన్రు, నీ టైమ్ కోసిన్రు. మేనేజ్‌మెంటే రాదు వాళ్లకు."

ఆ మాట ఆమె నమ్మింది. నమ్మి, కమిటీ ఆయనకి ఫోన్ చేసి కడిగేసింది. మార్కెటింగ్‌లో పనిచేసే మా చెల్లెలే అన్నది, మీకు మేనేజ్‌మెంట్ రాదని కూడా చెప్పింది. మర్నాడు ఆయన నాకు ఫోన్ చేశాడు. నేను ఆఫీసులో ఉన్నాను, ఎవరి స్క్రిప్టులోనో మొదటి పేరా కొట్టేస్తున్నాను.

"ఏమండీ, మీరే అన్నారట కదా, మేం వేస్ట్ అని?"

"అయ్యయ్యో, నేనట్ల అనలేదండీ. అక్క కొంచెం ఎమోషనల్ అయినట్టుంది."

ఫోన్ పెట్టేశాను. గోడ మీద పిల్లి కూడా ఎప్పుడో ఒక వైపు దూకుతుంది. నేను రెండు వైపులా దూకాను. నాకు అన్నం పెట్టిన మనిషిని, ఎవరో ముక్కూ మొహం తెలియని ఆయన దగ్గర మంచిదాన్ని అనిపించుకోవడానికి అమ్మేశాను. ఆయన ఆ మాట అక్కకి చేరవేశాడు. మీ చెల్లెలే మీరు ఎమోషనల్ అయ్యారన్నారు, అన్నాడట. ఆ సంగతి నాకు అక్క భర్త చెప్పాడు, మెయిల్ బాక్స్ దగ్గర, తల దించుకుని. నా మీద కోపం చూపించినా బాగుండేది.

ఆ తర్వాత అక్క నాకు ఫోన్ చేయలేదు. నేను చేస్తే ఎత్తలేదు. చెరువు చుట్టూ నడుస్తూ ఎదురుపడితే నా కూతురితో మాట్లాడేది, నాతో కాదు. షార్లెట్ వాళ్లు ఏమయ్యారని అడిగే ధైర్యం నాకు లేదు. అడగకుండానే తెలుసు.

ఒక శనివారం మధ్యాహ్నం వాళ్లింటి ముందు నుంచి వెళ్తుంటే రీసైకిల్ డబ్బా కనిపించింది, మూత సరిగా పడలేదు. సందులోంచి నల్లటి ముక్కు బయటికి చూస్తోంది. పాల డబ్బాలు కదా, అందులోనే వేస్తారు మరి. మూత తీశాను. బాతు, దాని పిల్ల, స్కూల్ బస్సు, అన్నీ మడతలు పడి ఉన్నాయి. అన్నిటినీ గుండెకి హత్తుకుని బయటికి తీసి, గరాజ్ తలుపు కొట్టాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, తెలుసు. అయినా కొట్టాను.

తలుపు పైకి లేచింది. అక్క బొమ్మల్ని చూసింది, నన్ను చూసింది. లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు.

నిలబడే చెప్పాను. సాకర్ కాదు అక్కా, పార్కింగ్ కాదు, వాళ్ల మేనేజ్‌మెంట్ కాదు. బాతు ఆలస్యంగా వస్తోంది. అది వచ్చేలోపే అందరూ వెళ్లిపోతున్నారు. ముందుమాట తీసేయాలి. నాకు మొదటి రోజే తెలుసు. తెలిసీ చెప్పలేదు. ఫోన్లో ఆయనతో కూడా అబద్ధమే చెప్పాను. చెబుతుంటే ఏడుపొచ్చింది, ఆ ఏడుపు మీదా కోపమొచ్చింది. ఏడవాల్సింది నేను కాదు కదా.

అక్క బ్రేస్ ఉన్న చేతిని ఇంకో చేత్తో పట్టుకుంది.

"రంగులు?" అంది.

"కనపడేటియి అక్కా."

"ముందరివి? చిన్నవి?"

"అవి గూడ."

"వెనకదాకా?"

"వెనకదాకా."

ఆమె తలుపు చెక్కకి ఆనుకుంది. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. ఆమె గొంతు మామూలుగానే ఉంది. "పొగిడేదానికి మీ బావ లేడా నాకు? మాడిపోయిన ఉప్మాకి గూడా సూపర్ అంటాడు. ఊర్లో ఇంతమంది ఉండంగా నిన్నే ఎందుకు అడిగినాననుకున్నావు? నువ్వు ఆఫీసులో ఎట్ల కొట్టేస్తావో నువ్వే గదా నాకు చెప్పి నవ్వేదానివి. నాకు గూడా అట్ల చెప్తావనే అడిగినా."

ఇన్నాళ్లూ ఆమె మనసు నొప్పించకుండా కాపాడాననుకున్నాను. కాపాడుకున్నది నన్ను నేనే. మంచి చెల్లెలని ఆమె అనుకోవాలి, మంచి మనిషినని కమిటీ ఆయన అనుకోవాలి. దానికోసం ఆమె చేతిని వాచనిచ్చాను.

అక్క నా చేతుల్లోంచి బొమ్మలు తీసుకుంది. బాతు రెక్క మీద పడిన మడతని బొటనవేలితో రెండుసార్లు నొక్కి చూసింది, పోలేదు. లోపలికి నడిచింది. మడిచి మూలన పెట్టిన దుప్పటి తీసి కట్టడం మొదలుపెట్టింది. నేను సాయం చేయబోతే వద్దంది. లైటు వేసింది. లాన్ కుర్చీ ఒకటి తెరిచి తెర ఎదురుగా పెట్టింది.

"కూర్చో. మొదట్నుంచి చెప్తాను, నేను రాసుకున్నట్లే. నీకు ఎక్కడ విసుగొస్తే అక్కడ చెయ్యెత్తు. నేను ఆపను. నువ్వు దించొద్దు."

కూర్చున్నాను. అక్క తెర ముందు నిలబడి, చేతులు జోడించి, ప్రార్థన మొదలుపెట్టింది. ప్రార్థన సగంలోనే నా చెయ్యి లేచింది. ఆమె చూసింది. ఆపలేదు. పుట్టుపూర్వోత్తరాలు చెప్పింది. ఆ తర్వాత వాళ్ల ఊరు వచ్చింది, చలి వచ్చింది, దుప్పటి వచ్చింది. వాళ్ల నాన్న వచ్చేసరికి ఆమె గొంతు మారింది, కళ్లు నా చేతి మీదే ఉన్నాయి. దించేద్దామనిపించింది. భుజం నొప్పి పుట్టింది. ఆమె వాళ్ల నాన్న ఒడి గురించి చెబుతూనే ఉంది, నేను చెయ్యి దించలేదు.